నేల విడవని సాము

ఉద్దానం తీరంలో పోరు విద్యల సాధన, పోటీ, బోధన

తగిన ఆధారం చూసుకోకుండా పెద్ద పనికి పూనుకోవడాన్ని తెలుగువారు 'నేల విడిచి సాము' అంటారు. సాము అంటే కర్రతోగాని, కత్తితోగాని, ఉత్త చేతులతోగాని చేసే పోరు అభ్యాసం. ఆ అభ్యాసం జరిగే చోటు గరిడి. ఈ రెండూ కలిసిన 'సాముగరిడి' అనే జంటపదం ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇప్పటికీ వాడుకలో ఉంది. కర్ర తిప్పేవాడి బలమంతా భుజంలోనే ఉన్నట్టు చూసేవారికి కనిపిస్తుంది గాని, నిజానికి ఆ బలం అరికాలి దగ్గర పుట్టి, మోకాలి వంపులో కుదురుకొని, నడుము తిరుగుడుతో పెరిగి, చివరకు మణికట్టును చేరుతుంది కనుక, పాదం నిలదొక్కుకోనివాడు ఎంత వేగంగా తిప్పినా వాడి దెబ్బలో బరువుండదు. ఈ శరీరధర్మాన్నే నుడికారం మూడు మాటల్లో చెప్పింది. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో పోరు విద్యలను నేర్వడం, నేర్పడం, వాటిలో పోటీపడటం ఎలా ఉండాలని ఆలోచించేటప్పుడు ఈ నుడికారాన్నే గీటురాయిగా పెట్టుకోవలసి ఉంటుంది. ఎందుకంటే ఇక్కడి ఎండకు, నీటికి, మనుషుల మూత్రపిండాలకు సంబంధించిన సంగతులు మరే ప్రాంతపు శిక్షణ పుస్తకంలోనూ దొరకవు.

తెలుగు భాష గోదాను ఎంతగా ఇముడ్చుకుందో గమనించినవారు తక్కువ. మల్లయోధులు తలపడే మట్టి బరి గోదా. ప్రత్యర్థిని వెల్లకిలా పడవేసి వీపు నేలకు తాకించడం చిత్తు చేయడం. ఎదుటివాడి ఒంటిని అదుపులోకి తెచ్చుకోవడం పట్టు, సమయం చూసి దాన్ని వదలడం విడుపు. 'పట్టువిడుపులు' అని సంసారాల గురించీ రాజకీయాల గురించీ మాట్లాడేవారందరూ తెలియకుండానే కుస్తీ పరిభాషలో మాట్లాడుతున్నారు. విద్య నేర్పే గురువును వస్తాదు అంటారు, అది ఉర్దూ 'ఉస్తాద్' నుంచి వచ్చిన మాట. తాలింఖానా అంటే ఆ భాషలోనే నేర్పే ఇల్లు అని అర్థం. కన్నడిగులు వ్యాయామశాలను నేటికీ 'గరడి మనె' అంటారు. మాటలు ఇంత దూరం ప్రయాణించాయంటే, వాటి వెంట మనుషులూ విద్యలూ ప్రయాణించాయనే అర్థం.

విజయనగర సామ్రాజ్యాన్ని సుమారు 1520 ప్రాంతంలో చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వర్ణిస్తూ, తెల్లవారకముందే ఆయన నువ్వులనూనె తాగి, ఒంటికంతా అదే నూనె పట్టించుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తి, కత్తి తిప్పి, తాగిన నూనె చెమటగా బయటికి వచ్చేదాకా శ్రమించి, ఆపైన మల్లులలో ఒకరితో కుస్తీ పట్టి, గుర్రమెక్కి మైదానంలో దౌడు తీసేవాడని రాశాడు. ఈ వర్ణనలో విలువైన అంశం రాజుగారి బలం కన్నా ఆ క్రమం: బరువుతో ఒళ్లు కాగిన తరువాత ఆయుధం, ఆయుధం తరువాత మనిషితో తలపడటం. నేటి ఏ శిక్షకుడైనా ఈ వరుసనే పాటిస్తాడు.

ఉత్తరాంధ్రలో ఈ విద్య జమీందారీల నీడలో బతికింది. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం ఇక్కడి పిల్లలకు కథగా తెలుసు; కోటలు, పాలెగాండ్రు, బంట్లు ఉన్నంతకాలం కర్రా కత్తీ తిప్పగలగడం జీవనోపాధి. ఒడిశాలో ఆయుధసేవ చేసినవారిని పైకులు అంటారు. 1817లో ఖుర్దాలో కంపెనీ పాలనపై తిరగబడింది వారే. వారి అభ్యాసశాలలైన అఖాడాలు నేటికీ ఆ రాష్ట్రంలో కనిపిస్తాయి. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలు ఒకప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో భాగం కావడం, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్లి ఇవి ఇటు మిగలడం గుర్తుంచుకుంటే, తెలుగు గరిడికీ ఒడియా అఖాడాకూ మధ్య గీసిన సరిహద్దు చాలా కొత్తదని తెలుస్తుంది. 1878 నాటి ఆయుధ చట్టం లైసెన్సు లేకుండా ఆయుధం ధరించడాన్ని నేరం చేసింది. ఆ తరువాతి కాలంలో పోరు విద్యకు మిగిలిన చోటు ఊరేగింపే. ఉత్తరాంధ్రలో గ్రామదేవత పండుగను సంబరం అంటారు; ఆ సంబరాల్లో తప్పెటగుళ్లు, పులివేషాల సరసన కర్రసాము, కత్తిసాము, నిప్పు అంటించి తిప్పే అగ్గిబరాటాలు ఈ విద్యను చావకుండా కాపాడాయి. కాపాడినందుకు అమ్మవార్లకు ఎంత ఋణపడినా తక్కువే. అయితే, ఎదురుగా ప్రత్యర్థి లేకుండా జనం చప్పట్ల కోసం మాత్రమే చేసే సాములో అందం పెరిగి, దెబ్బ కాచుకునే మెలకువ తరిగిపోతుందన్నది కూడా ఒప్పుకోవలసిన సత్యం.

ఈ చరిత్రలో అందరికన్నా ఎక్కువ సేపు ఆగవలసిన వ్యక్తి కోడి రామ్మూర్తి నాయుడు. ఆయన 1882లో వీరఘట్టంలో జన్మించాడు. శ్రీకాకుళం జిల్లా ఊరుగా పేరుపడిన వీరఘట్టం 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకొని, విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరుగుతూ వ్యాయామశాలలో సాధన మొదలుపెట్టి, మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది వ్యాయామోపాధ్యాయుడై, తరువాత సొంత సర్కస్ కంపెనీతో దేశమంతా తిరిగాడు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచడం, రొమ్ము మీద ఏనుగును నిలుపుకోవడం, కదలబోతున్న మోటారుకారును గొలుసుతో పట్టి ఆపడం ఆయన ప్రదర్శనలలో పేరుమోసినవి. జర్మనీ బలశాలి యూజెన్ శాండో 1904-05లో భారతదేశం వచ్చి డంబెల్స్ వ్యాయామానికి ప్రచారం తెచ్చిన కాలంలోనే, దండాలు, బస్కీలు, ప్రాణాయామం, శాకాహారం చాలునని రామ్మూర్తి తన ఒంటినే సాక్ష్యంగా పెట్టి చూపాడు. రెండు అరచేతులు నేలకు ఆనించి ఒళ్లు కిందికి పైకి ఊపుతూ చేసేవి దండాలు. నిలబడి కూర్చుంటూ లేస్తూ చేసేవి బస్కీలు. ఈ రెండింటికీ నేల తప్ప మరే పరికరమూ అక్కరలేదు. కలియుగ భీముడని ప్రజలు పిలుచుకున్న ఈ మనిషి, చివరి దశలో ఒక కాలు కోల్పోయి, 1942లో ఒడిశాలోని బలంగీరులో కన్నుమూశాడు. శ్రీకాకుళం పట్టణంలోని స్టేడియం ఆయన పేరుతోనే ఉంది.

ఆయన పుట్టిన సంవత్సరంలోనే, అంటే 1882లోనే, జపాను రాజధాని టోక్యోలో కానో జిగోరో అనే యువ ఉపాధ్యాయుడు ఒక బౌద్ధాలయంలో పన్నెండు చాపల గదిలో కోడోకాన్ అనే పాఠశాల పెట్టాడు. తొలి ఏడాది చేరిన విద్యార్థులు తొమ్మిదిమందే. పాత జుజుత్సు విద్యలో ప్రాణాపాయం కలిగించే పట్లను పక్కన పెట్టి, మిగిలినవాటిని వరుసలుగా కూర్చి, ముందే నిర్ణయించిన కదలికల అభ్యాసం ఒకవైపు, నిజంగా ఎదిరించే జోడీతో స్వేచ్ఛగా తలపడే అభ్యాసం మరొకవైపు పెట్టి, శిష్యుడు ఎక్కడిదాకా వచ్చాడో తెలిసేలా శ్రేణులు ఏర్పరచి, దానికి జూడో అని పేరు పెట్టాడు. 1964 నాటికి అది ఒలింపిక్స్ చేరింది. రామ్మూర్తి శక్తికి కానో శక్తి సాటి కాదని ఎవరైనా అనవచ్చు, అది నిజమే కావచ్చు. కానీ కానో తన విద్యను పాఠ్యక్రమంగా మలిచాడు, రామ్మూర్తి విద్య ఆయన ఒంటితోపాటే వెళ్లిపోయింది. ఇందులో ఆయన తప్పు వెతకడం అన్యాయం. పరాధీన దేశంలో ఒక ఉపాధ్యాయుడికి సర్కస్ డేరా తప్ప మరో వేదిక దొరకలేదు. జపాను ఉపాధ్యాయుడికైతే దొరికింది, విద్యాశాఖ అండతో సహా. సాముగరిడికి లోపించింది నైపుణ్యం కాదని, మెట్లు మెట్లుగా రాసిపెట్టిన బోధనాక్రమమని ఈ ఇద్దరి జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే స్పష్టమవుతుంది.

జపానులోనే ఒకినావా దీవికి చెందిన ఉత్త చేతుల విద్యను 1922లో గిచిన్ ఫునాకోషి టోక్యోలో ప్రదర్శించాడు. ఇప్పుడు పలాస-కాశీబుగ్గ, టెక్కలి వంటి పట్టణాల పిల్లలు కూడా తెల్లని దుస్తులు వేసి, రంగుల బెల్టులు కట్టి నేర్చుకునే కరాటే అదే. ఆ మాటకు ఖాళీ చేయి అని అర్థం. కతా అంటే ఊహించిన ప్రత్యర్థుల మధ్య వరుస తప్పకుండా చేసే కదలికల మాల, కుమితే అంటే ఎదురెదురుగా తలపడటం. పోటీలలో దెబ్బ స్థాయిని బట్టి ఒకటి, రెండు, మూడు పాయింట్లు ఇస్తారు. కొరియా విద్యయైన తైక్వాండోలో కాలి దెబ్బకు, అందులోనూ తలకు తగిలేదానికి, ఒళ్లు తిప్పి కొట్టేదానికి ఎక్కువ పాయింట్లు ఉంటాయి. ఈ విద్యలను పరాయివని నెట్టివేయవలసిన పని లేదు; వస్తాదు, తాలింఖానా అనే మాటలను సొంతం చేసుకున్న భాషకు కతా, కుమితే కష్టం కావు. అయితే, రంగు మారిన బెల్టును విద్య పెరిగినదానికి గుర్తుగా గాక, చెల్లించిన రుసుముకు రసీదుగా చూసే అలవాటు ఎక్కడ మొదలైనా, అక్కడ కరాటే కూడా నేల విడిచిన సామే అవుతుంది.

పల్లెల్లో పోటీ భావం కొత్తది కాదు. సంక్రాంతికి శ్రీకాకుళం జిల్లా ఊళ్లలో సంగిడి ఎత్తే పోటీలు జరుగుతాయి. సంగిడి అంటే పట్టుకోవడానికి వీలుగా చెక్కిన బరువైన రాయి. ఆ రాళ్లను నేలమీదనుంచి లేపే అలవాటున్న జిల్లా నుంచే, ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 110, 130 కిలోలు ఎత్తి, 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయింది. స్వర్ణం గెలిచిన చైనా క్రీడాకారిణి మొత్తం 242.5 కిలోలు, మల్లీశ్వరి 240, చివరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలకు సాహసించి ఎత్తలేకపోయింది. రెండున్నర కిలోల తేడాలో ఎంత లెక్క, ఎంత తెగువ ఇమిడి ఉంటాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. వెయిట్ లిఫ్టింగ్ పోరు విద్య కాకపోయినా, నేలను కాళ్లతో తన్ని బలం తీసుకోవడంలో కర్రసాముకు అది దగ్గరి చుట్టమే.

పోటీ విద్యకు మెరుగు పెడుతుందన్నది నిర్వివాదం. ఎదిరించని జోడీతో ఎన్నేళ్లు సాధన చేసినా తెలియని లోపం, ఎదిరించే జోడీతో మూడు నిమిషాల్లో బయటపడుతుంది. కానీ పోటీకి ఒక చీకటి కోణం ఉంది. ఉద్దానం విషయంలో దాన్ని దాటి వెళ్లడం నేరమే అవుతుంది. కుస్తీ, బాక్సింగ్, జూడో, తైక్వాండో పోటీలన్నీ బరువు విభాగాలను బట్టి జరుగుతాయి. సమాన బరువులవారు తలపడాలన్నది న్యాయమైన నియమం. అయితే, తక్కువ విభాగంలో దిగితే తనకన్నా చిన్న ఒళ్లున్నవారు ఎదురవుతారన్న ఆశతో క్రీడాకారులు తూకానికి ముందు అన్నం, నీళ్లు మాని, ఆవిరి గదుల్లో కూర్చొని, ప్లాస్టిక్ దుస్తులు తొడిగి పరుగెత్తి, ఒంట్లోని నీటిని పిండి పారబోస్తారు. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కళాశాల కుస్తీ వీరులు ఇలాగే మరణించగా, అక్కడి విశ్వవిద్యాలయాల క్రీడా సంఘం ప్లాస్టిక్ దుస్తులను, ఆవిరి స్నానాలను నిషేధించి తూకం సమయాన్ని మార్చింది. పారిస్ ఒలింపిక్స్‌లో 2024 ఆగస్టు 7 ఉదయం వినేశ్ ఫోగాట్ 50 కిలోల మీద 100 గ్రాములు తూగి, తుదిపోరుకు చేరి కూడా అనర్హురాలైన సంగతి దేశమంతా గుండె బరువుతో చూసింది. ఆమె అంతకుముందు 53 కిలోల విభాగంలో ఆడినది. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ సైతం 2022లో 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచి, ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేనందున 50 కిలోలకు దిగవలసి వచ్చింది.

ఉద్దానంలో నీటిని ఒంట్లోంచి పిండడమనే మాటకు అర్థం వేరు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండి, ఉద్యానవనం అనే మాట నుంచే పేరు తెచ్చుకుందని చెప్పుకునే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో రెండు దశాబ్దాలకు పైగా దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఇళ్లకు ఇళ్లను కుంగదీస్తోంది. మధుమేహం, రక్తపోటు అనే మామూలు కారణాలు లేనివారికి కూడా రావడం వల్ల వైద్యులు దీన్ని కారణం తేలని వ్యాధిగా వర్గీకరించారు. మధ్య అమెరికాలోని చెరకు కూలీలలో, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతులలో కూడా ఇటువంటిదే కనిపించింది. ఎండలో గంటల తరబడి శ్రమించి ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి మాత్రలు అతిగా వాడటం వంటి అంశాలు పరిశోధకుల అనుమానాల జాబితాలో ఉన్నాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీటిని తెచ్చే పథకం కూడా అదే రోజున మొదలైంది. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే పెద్దలున్న ఇంటినుంచి ఒక పదమూడేళ్ల పిల్ల తైక్వాండో నేర్చుకోవడానికి వస్తే, 'ఇంకో కిలో తగ్గితే కింది విభాగంలో పతకం ఖాయం' అని ఏ శిక్షకుడూ అనకూడదు.

శరీరధర్మం దృష్ట్యా దీన్ని కొంత వివరించాలి. కండరాలు శక్తికి మించి శ్రమిస్తే వాటి కణాలు చిట్లి లోపలి పదార్థాలు రక్తంలో కలుస్తాయి. వాటిని వడకట్టే భారం మూత్రపిండాలదే. ఒంట్లో నీరు చాలినంత ఉంటే ఆ భారం తేలికగా దిగుతుంది, లేకపోతే వడపోత గొట్టాలే దెబ్బతినే ప్రమాదం ఉంది. నీరు తగ్గి ఉన్నప్పుడు నొప్పి మాత్ర వేసుకుంటే మూత్రపిండాలకు రక్తప్రసారం మరింత తగ్గుతుంది. ప్రొటీన్ పొడులు ఆరోగ్యవంతుడికి పెద్దగా హాని చేయకపోవచ్చు గాని, లోలోపల మూత్రపిండం దెబ్బతిని ఉన్నా తెలియనివాడికి అవి భారమే. ఈ వ్యాధి చాలాకాలం లక్షణాలు చూపకుండా నడుస్తుంది కాబట్టి, తెలియనివారు ఉండటం ఇక్కడ అరుదు కాదు. సైన్యంలో చేరాలనే ఆశతో 1.6 కిలోమీటర్ల పరుగును నిమిషాల లెక్కన సాధన చేసే తీరప్రాంత యువకులకూ ఈ మాటలే వర్తిస్తాయి.

అందువల్ల ఉద్దానంలో గరిడి అన్నది ఈ నేలకు తగినట్టు కట్టవలసిన సంస్థ. సాధన వేకువన ఎండ ముదరకముందే ముగియాలి. బరిలో కర్రలు, చాపలు ఎంత అవసరమో, శుభ్రమైన నీటికుండా తూకపు యంత్రమూ అంతే అవసరం. సాధనకు ముందు, తరువాత తూగి చూస్తే తగ్గిన ప్రతి కిలోకు సుమారు లీటరు నీరు పోయినట్టు లెక్క. ఆ నీటిని తిరిగి తాగించిన తరువాతే పిల్లవాణ్ణి ఇంటికి పంపే శిక్షకుడు, ఈ తీరానికి పతకాలు తెచ్చే శిక్షకుడి కన్నా మిన్న. ఎదిగే వయసు పిల్లలను బరువు తగ్గించి కాకుండా, ఉన్న బరువు విభాగంలోనే పోటీకి దింపాలి. ఓడినా సరే. సముద్రం ఒడ్డున ఇసుక ఉండనే ఉంది. ఇసుకలో మడమ నిలవదు కనుక, అక్కడ కుదురుగా అడుగు వేయడం నేర్చినవాడికి గట్టి నేల మీద నిలదొక్కుకోవడం సులువవుతుంది.

బాలికల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ప్రభుత్వ పాఠశాలల్లో రాణీ లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ కార్యక్రమం ఉంది. ఉద్దేశం గొప్పది, వ్యవధి చాలదు. మూడు నెలల్లో అడుగు మాత్రమే కుదురుతుంది, ఆపద వేళ ఆలోచన లేకుండా చేయి లేచేంత అలవాటు పడదు. పలాస జీడిపప్పు పరిశ్రమల్లో పిక్కలు కొట్టే తల్లుల చేతులు ఆ పిక్కల జిగురుకు కాలి నల్లబడతాయి. ఆ చేతులు పెంచిన కూతుళ్లకు మూడు నెలలు కాదు, మూడేళ్ల విద్య దక్కాలి.

2022లో హరియాణాలో జరిగిన ఖేలో ఇండియా యువ క్రీడల్లో పంజాబు గట్కాకు, కేరళ కలరిపయట్టుకు, మణిపూర్ థాంగ్-టాకు పోటీ హోదా లభించింది. తెలుగువారి సాముగరిడి ఆ సరసన లేదు. నియమాలు, పాయింట్లు, శ్రేణులు రాసుకోని విద్యకు పోటీ పెట్టడం ఎవరికీ సాధ్యం కాదు కనుక, మొదటి పని రాతపని. సంబరాల్లో కర్ర తిప్పే పెద్దలు ఏ అడుగును, ఏ కాపును ఏ పేరుతో పిలుస్తారో, ఏ వరుసలో నేర్పుతారో ఊరూరా చిత్రీకరించి గ్రంథస్థం చేయడానికి ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, జిల్లా క్రీడాధికారులు, వ్యాయామోపాధ్యాయులు పూనుకోవాలి; ఆ పెద్దల వయసు దృష్ట్యా ఈ పని వచ్చే సంబరాలకే మొదలవ్వాలి.

పిల్లలను కరాటేకో, కుస్తీకో, కర్రసాముకో పంపుతున్న ఉద్దానం తల్లిదండ్రులకు ఒక విన్నపం: బిడ్డకు దుస్తులు, బెల్టు కొనడానికి ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి, ఏటా మళ్లీ చేయించండి, ఆ కాగితాన్ని శిక్షకుడికి చూపించండి.